చెన్, టాన్ ఒకే ఇంటిపేరు ఎలా అవుతాయి? – సమాధానం

మీ సింగపూర్ ఆఫీసులో ఒకాయన చెన్, ఇంకొకాయన టాన్, అయినా ఇద్దరూ "మాది ఒకే ఇంటిపేరు" అంటున్నారని అడిగారు కదా. వాళ్లు మిమ్మల్ని ఆటపట్టించడం లేదండీ. అది చైనీస్ ఇంటిపేరు, రాసే అక్షరం ఒక్కటే. దాన్నే చైనా భాషలైన మాండరిన్‌లో చెన్, హొక్కియెన్‌లో టాన్, కాంటనీస్‌లో చాన్ అంటారు.

చైనాను ఝౌ వంశం ఏలిన కాలంలో ఇప్పటి హెనాన్ ప్రాంతంలో చెన్ అనే చిన్న రాజ్యం ఉండేది. క్రీ.పూ. 5వ శతాబ్దంలో చూ రాజ్యం దాన్ని మింగేశాక, రాజవంశీకులు పోయిన రాజ్యం పేరునే ఇంటిపేరుగా పెట్టుకున్నారు. అంతమాత్రాన మీవాళ్లిద్దరూ చుట్టాలనుకోకండి, ఆ ఇంటిపేరున్నవాళ్లు కోట్లలో ఉన్నారు.

అసలు తిప్పలు కాంటనీస్ 'వాంగ్'తో. అది రాజు అని అర్థమున్న ఇంటిపేరు కావచ్చు, పసుపు రంగు అని అర్థమున్న ఇంటిపేరూ కావచ్చు. అక్షరం చూస్తేగానీ తేలదు.

అన్నట్టు, మెయిల్ రాసేటప్పుడు జాగ్రత్త. మనలాగే చైనీస్ వాళ్లకూ ఇంటిపేరే ముందు. సింగపూర్ తొలి ప్రధాని లీ క్వాన్ యూ పేరులో ఇంటిపేరు లీ.