విరేచనాలప్పుడు పాలు మాన్పించాలా?

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదో నెల. నిన్నటి నుంచి నీళ్ల విరేచనాలు. పాలు తాగిన వెంటనే గుడ్డ తడిపేస్తున్నాడు. ‘నీ పాలు వేడి చేశాయి, రెండ్రోజులు మాన్పించు, కడుపు ఖాళీగా ఉంటే అవే కడతాయి’ అంటున్నారు అత్తయ్య. నాకు కారప్పొడి అన్నమే పెడుతున్నారు. పళ్లొచ్చే విరేచనాలని పక్కింటావిడ అంటోంది. మావారు మెడికల్ షాపు నుంచి తియ్యటి పానీయం డబ్బా తెచ్చారు. వాడేమో పాలకోసం ఏడుస్తున్నాడు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఓ తల్లి, నరసరావుపేట

జవాబు: పాలు మాన్పించకండమ్మా. అడిగినప్పుడల్లా ఇవ్వండి, రాత్రి కూడా.

మీ అత్తగారు చూసింది నిజమే, తాగగానే వెళ్తున్నాడు. కానీ వెళ్లేది అప్పుడు తాగిన పాలు కాదు. కడుపులో ఏదైనా పడగానే పెద్దపేగు కదులుతుంది, అంతకుముందే అక్కడ చేరి ఉన్న నీరు బయటికొస్తుంది. ఏ జబ్బూ లేని పసిబిడ్డలు కూడా పాలు తాగుతూనే దొడ్డికి వెళ్తుంటారు కదా. విరేచనాలు అవుతున్నా తాగినదాంట్లో చాలా భాగం ఒంటపడుతుంది. పైగా పేగు లోపలి పొర దెబ్బతిని ఉంది. అది మళ్లీ బాగుపడాలంటే తిండి పడాలి. పస్తు పెడితే బరువు తగ్గుతాడు, కోలుకోవడమూ ఆలస్యమవుతుంది.

మెడ వాల్చేసిన బిడ్డని నా దగ్గరికి తెస్తే ముందు మాడు తడుముతాను. చాలాసార్లు వేలికి ఆముదం జిడ్డు తగులుతుంది. ‘మాడు గుంటపడిందని పెట్టామండీ’ అంటారు. ఆ గుంటని కనిపెట్టిన పెద్దావిడ చూపు గొప్పదే, ఒంట్లో నీరు తగ్గిందనడానికి అది గుర్తు. కానీ ఆ నీరు నోటిద్వారానే వెళ్లాలి. ‘పాలిస్తున్నావా అమ్మా?’ అంటే, నిన్నటి నుంచి ఆపేశామంటారు. బిడ్డ మీద ప్రేమతోనే ఆపారని తెలుసు కాబట్టి ఇంకా బాధేస్తుంది.

పళ్లు రావడం వల్ల నీళ్ల విరేచనాలు కావు. ఈ వయసులో పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు, క్రిములు అలా చేరతాయి. మీకు పథ్యమూ అక్కర్లేదు. పప్పు, కూర, పెరుగు వేసుకుని కడుపునిండా తినండి.

ఆ డబ్బా పక్కన పెట్టేయండి. చక్కెర ఎక్కువైతే పేగుల్లోకి ఇంకా నీరు లాగుతుంది. ఇలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ (ఒంట్లో తగ్గిన నీరు, లవణాలు భర్తీచేసే ద్రావణం) అనే పేరు వాడకూడదని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. దీనికోసం హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లతరబడి పోరాడారు. మీకు కావాల్సింది ఓఆర్‌ఎస్ పొడి. లీటరు ప్యాకెట్టైతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపండి. సగం పొడి, సగం నీళ్లు అని అంచనాగా వద్దు. విరేచనం అయినప్పుడల్లా 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో మెల్లగా తాగించండి. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి. విరేచనాలు కట్టించే మాత్రలు మాత్రం పసివాళ్లకి వద్దు.

కళ్లు లోపలికి పోయినా, ఆరు గంటలు మూత్రం పోయకపోయినా, తాగినదంతా కక్కేస్తున్నా, దొడ్డిలో రక్తం కనిపించినా, మగతగా ఉండి పాలు పట్టకపోయినా ఉదయం దాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. దారిలోనూ ఓఆర్‌ఎస్ తాగిస్తూనే ఉండండి.

ఇక పైతిండి. అత్తగారినే అడగండి, మెత్తటి పెసరపప్పు అన్నంలో చెంచాడు నెయ్యి వేసి కలిపి పెడతారు. పెరుగన్నం పెట్టొచ్చు. సగ్గుబియ్యం జావ ఒక్కటే పోస్తే చాలదు, అందులో బలం తక్కువ. జింక్ 20 మిల్లీగ్రాముల మాత్ర మీ పాలలోనే కరిగించి రోజుకొకటి, విరేచనాలు తగ్గినా సరే, మొత్తం 14 రోజులు వేయాలి. జింక్, ఓఆర్‌ఎస్ రెండూ మీ ఆశా కార్యకర్తని అడిగితే ఉచితంగా ఇస్తారు. తగ్గాక కూడా రెండు వారాలపాటు రోజూ ఒక పూట అదనంగా పెట్టండి.