డాక్టర్ సలహా: ఎంబ్రియో టెస్టు సంగతి తర్వాత, ముందు ట్యూబులో నీటి సంగతి చూడండి

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. పెళ్లయి తొమ్మిదేళ్లు. ఐవీఎఫ్‌లో నాలుగు బ్లాస్టోసిస్టులు (ఐదారు రోజులు పెరిగిన ఎంబ్రియోలు, అంటే పిండాలు) వచ్చాయి. ఆరు నెలల కింద ఒకటి పెడితే నిలవలేదు, బీటా (గర్భం నిలిచిందో లేదో చెప్పే రక్తపరీక్ష) నెగెటివ్ వచ్చింది. మిగతా మూడు ఫ్రీజ్ చేశారు. గ్రేడ్లు 4ఏబీ, 4బీబీ, 3బీసీ. పీజీటీ-ఏ (ఎంబ్రియో క్రోమోజోమ్‌ల టెస్టు) చేయిస్తే ఏది నిలుస్తుందో ముందే తెలుస్తుందంటున్నారు. చేయించమంటారా? అందులో ఆడో మగో కూడా తెలుస్తుందా? థైరాయిడ్‌కి 50 మైక్రోగ్రాముల మాత్ర వాడేదాన్ని, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) నార్మల్ వచ్చిందని రెండు నెలలుగా మానేశాను. జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ వాడుతున్నా. స్కాన్‌లో కుడి ట్యూబులో నీరుందని రాశారు, ఆపరేషన్ అంటే భయమేసి వదిలేశాం. – ఒక సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఉత్తరమంతా ఎంబ్రియోల గురించి రాసి, అసలు విషయం ఆఖరి వాక్యంలో పెట్టారు. ఓపీ మధ్యలో గబగబా చదువుతూ నేను అక్కడే ఆగిపోయాను. కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

ట్యూబులో నీరు చేరడాన్ని హైడ్రోసాల్పింక్స్ అంటాం. ట్యూబు చివర మూసుకుపోయి లోపల ద్రవం నిలిచిపోతుంది. ‘ఐవీఎఫ్‌లో ఎంబ్రియోని నేరుగా గర్భసంచిలోనే పెడతారు కదా, ఇక ట్యూబులతో పనేంటి’ అని చాలామంది అడుగుతారు. పనుంది. ఆ నీరు కొంచెం కొంచెంగా గర్భసంచిలోకి దిగుతుంటుంది, ఎంబ్రియో అతుక్కోనివ్వదు. స్కాన్‌లో కనిపించేంత నీరున్నవాళ్లలో ఐవీఎఫ్ ఫలించే అవకాశం దాదాపు సగానికి పడిపోతుందని మాకు ఎన్నో ఏళ్లుగా తెలుసు. ట్రాన్స్‌ఫర్‌కి (ఎంబ్రియోని గర్భసంచిలో పెట్టడానికి) ముందే లాపరోస్కోపీలో ఆ ట్యూబు తీసేసినా, గర్భసంచి దగ్గర క్లిప్ వేసి మూసేసినా ఫలితం మెరుగవుతుంది. పొట్ట మీద రెండు మూడు చిన్న గాట్లు, మామూలుగా ఒకటి రెండు రోజుల్లో ఇంటికి. భయం సహజమే, కాదనను. కానీ ఆ భయంతో ఆరు నెలలు ఊరికే పోయాయి, ఒక మంచి ఎంబ్రియో కూడా పోయి ఉండొచ్చు. నీటి వల్లే పోయిందని రిపోర్టులు చూడకుండా నేను చెప్పలేను. మీ డాక్టర్‌ని సూటిగా అడగండి: ‘ఈ నీరు ఉండగా ట్రాన్స్‌ఫర్ చేయడం సబబేనా?’

మన దేశంలో ట్యూబులు ఇలా పాడవడానికి జననాంగాల టీబీ ఒక ముఖ్య కారణం. దగ్గు, జ్వరం ఉండాలనేం లేదు. ఆ కోణంలో పరీక్షలు జరిగాయో లేదో కనుక్కోండి.

ఇక మీరడిగిన టెస్టు. 4ఏబీ లాంటి గ్రేడు ఎంబ్రియాలజిస్టు మైక్రోస్కోపులో చూసి వేసే మార్కు. అంకె ఎంబ్రియో ఎంత ఉబ్బిందో చెబుతుంది, మొదటి అక్షరం బిడ్డగా మారే కణాల గుంపు గురించి, రెండోది మాయగా మారే పై పొర గురించి. మీ మూడింట్లో రెండు చక్కగా ఉన్నాయి, మూడోది కూడా పారేయాల్సింది కాదు. అయితే పైకి అందంగా ఉన్న ఎంబ్రియోలో క్రోమోజోమ్‌లు తప్పుగా ఉండొచ్చు. మీ వయసులో సుమారు పదింటికి నాలుగైదు అలాగే ఉంటాయి. పీజీటీ-ఏ పట్టుకునేది దాన్నే. పై పొర నుంచి ఐదారు కణాలు తీసి, క్రోమోజోమ్‌ల లెక్క సరిగా ఉందో లేదో చూస్తారు.

టెస్టు ఎంబ్రియోని బాగుచేయదమ్మా. ఉన్న మూడింట్లో ఏది ముందు పెట్టాలో చెబుతుంది, అంతే. నార్మల్ అని తేలిన ఎంబ్రియో పెట్టినా పది మందిలో నలుగురైదుగురికి నిలవకపోవచ్చు. ఎందుకంటే క్రోమోజోమ్‌లు సరిగా ఉండటం ఒక్కటే చాలదు, గర్భసంచి, హార్మోన్లు, మీ విషయంలో ఆ నీరు, అన్నీ కలవాలి. చైనాలో 1,212 మంది మీద చేసిన ఒక పెద్ద పరిశోధన 2021లో వచ్చింది. వాళ్లంతా 20 నుంచి 37 ఏళ్లవాళ్లు, అందరికీ మూడు అంతకన్నా ఎక్కువ మంచి బ్లాస్టోసిస్టులు ఉన్నాయి. ఏడాదిలో ట్రాన్స్‌ఫర్లన్నీ కలిపి చూస్తే బిడ్డ పుట్టింది టెస్టు చేయించినవాళ్లలో 77.2 శాతం మందికి, చేయించనివాళ్లలో 81.8 శాతం మందికి. టెస్టు వల్ల అబార్షన్లు మాత్రం కొంత తగ్గాయి. వరసగా అబార్షన్లు అయినవాళ్లకు, నలభైకి దగ్గరపడినవాళ్లకు ఆ మేలు విలువైనదే, వద్దని నేననను. మీకు ఇప్పటికే ఫ్రీజ్ చేసిన ఎంబ్రియోలు కాబట్టి కరిగించి, కణాలు తీసి, మళ్లీ ఫ్రీజ్ చేయాలి. ఆ క్రమంలో ఒకటి దెబ్బతినే రిస్కు చిన్నదే అయినా, మూడే ఉన్నప్పుడు చిన్న రిస్కు కూడా లెక్కే.

ఇంకొకటి. రిపోర్టులో ‘మొజాయిక్’ అని వస్తే కొన్ని కణాలు సరిగా ఉన్నాయి, కొన్ని లేవని అర్థం. 2015లో ఇటలీ డాక్టర్లు అలాంటివి 18 పెడితే ఆరుగురు ఆరోగ్యంగా పుట్టారు. కాబట్టి ఆ మాట చూసి కంగారుపడి పారేయించకండి, జెనెటిక్ కౌన్సెలర్‌ని కలవండి. ఎంబ్రియోని కెమెరాతో వీడియో తీసి ఎంపిక చేస్తామంటారు, ఏఐ స్కోరిస్తామంటారు. వాటివల్ల ఎక్కువ మందికి పిల్లలు పుడుతున్నారని ఇప్పటిదాకా గట్టి రుజువు లేదు.

ఆడో మగో అన్న ప్రశ్న మళ్లీ ఎక్కడా అడగకండి. లింగ నిర్ధారణను నిషేధించే 1994 చట్టం ప్రకారం అడిగినా, చెప్పినా నేరమే.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది థైరాయిడ్ మాత్ర మానేయడం. టీఎస్‌హెచ్ నార్మల్ వచ్చిందంటే మాత్ర పనిచేస్తోందన్నమాట, ఇక అక్కర్లేదని కాదు. బీపీ మాత్ర, షుగర్ మాత్ర దగ్గర కూడా రోజూ ఇదే గొడవ. నిన్న ఒకావిడ ‘రిపోర్టు బాగుంది కదా సార్, ఆపేశా’ అని నవ్వుతూ కూర్చుంది, చేతిలో కొత్త రిపోర్టులో టీఎస్‌హెచ్ 11. గర్భం కోసం చూస్తున్నవాళ్లలో టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉంచాలని మాలో చాలామంది చూస్తాం. డోసు ఎంతో మీ డాక్టరే చెప్పాలి, పాత స్ట్రిప్ వెతికి మొదలుపెట్టకండి.

పైగా ఆ నార్మల్ రిపోర్టు మీదే నాకు అనుమానం. జుట్టు కోసం అమ్మే బయోటిన్ మాత్రల్లో 5,000, 10,000 మైక్రోగ్రాములు ఉంటాయి. రోజుకు మనకు కావాల్సింది 30. అంత బయోటిన్ రక్తంలో ఉంటే కొన్ని ల్యాబుల పద్ధతిలో టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. బీటా హెచ్‌సీజీ కూడా అంతే. అంటే నిజంగా గర్భం నిలిచినా నెగెటివ్ రావచ్చు! మీకు ఆ తర్వాత నెలసరులు మామూలుగానే వచ్చి ఉంటాయి, ఆరు నెలలు గడిచాయి కాబట్టి పాత బీటా గురించి మనసు పాడుచేసుకోకండి. ఇకమీదట మాత్రం రక్తపరీక్షకు కనీసం మూడు రోజుల ముందు ఆపండి, ల్యాబులోనూ చెప్పండి. అసలు ఇప్పుడు ఆ మాత్ర అవసరమా? జుట్టు రాలడానికి సగం కారణం మీరు థైరాయిడ్ మాత్ర మానేయడమే కావచ్చు.

ఉత్తరంలో మీ వారి గురించి ఒక్క ముక్క లేదు. ఈ మూడూ నిలవకపోతే మళ్లీ మొదటినుంచి చేయాల్సి వస్తుంది, అప్పుడు వీర్యపరీక్ష మళ్లీ కావాలి. వీర్యాన్ని దెబ్బతీసే సిగరెట్టు, జిమ్‌లో ఇచ్చే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ల సంగతి ఆయన్నే అడగండి.

ఇది మీరు రాసిన నాలుగు ముక్కలు చూసి చెప్పిన మాట, మీ డాక్టర్ పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. ఈ వారంలోనే ఇద్దరూ కలిసి వెళ్లండి. స్కాన్ ఫిల్ములు, మొదటి సైకిల్ కాగితాలు తీసుకెళ్లండి. ఆ జుట్టు మాత్రల డబ్బా కూడా.