గుర్రుమనే పిల్లతో కుస్తీ పట్టకు

అల్లుడూ,

నీ కుక్కపిల్లవి నువ్వు పంపిన రెండు వీడియోలూ నాలుగేసి సార్లు చూశాను, చివరిసారి సౌండ్ ఆపేసి మరీ చూశాను. గుర్రు వినబడుతుంటే మన ధ్యాసంతా ఆ చప్పుడు మీదే ఉంటుంది, అది లేకపోతేనే పిల్ల ఒళ్లు ఏమంటోందో కనబడుతుంది. అమ్మాయి "వెనక్కి ఇచ్చేద్దాం" అంటోందని రాశావు, తన భయంలో తప్పేం లేదు. కానీ నువ్వు రెండు వీడియోలకీ కలిపి అగ్రెషన్, అంటే దూకుడు, అని ఒకటే పేరు పెట్టావు చూడు, చిక్కంతా అక్కడే ఉంది. మొదటిది ఆట. రెండోది కాదు.

మొదటిదాంట్లో 11 వారాల పిల్ల నీ ప్యాంటు అంచు కరుచుకుని తల విదిలిస్తోంది, నువ్వు కాలు లాక్కునే కొద్దీ ఇంకా గట్టిగా పడుతోంది. ఒళ్లంతా వదులుగా ఉంది, తోక ఊగుతోంది, మధ్యలో వదిలేసి ఎగిరి మళ్లీ వస్తోంది. వర్కింగ్ లైన్, అంటే పని కోసమే పెంచే వంశంలోని జర్మన్ షెపర్డ్ కావాలని ఏరికోరి తెచ్చుకున్నావు కదా, అంటే కదిలేదాన్ని తరమాలి, పట్టుకోవాలి, పట్టింది వదలకూడదు అని తరతరాలుగా ఎంచి ఎంచి పుట్టించిన రక్తం అది. 1899లో జర్మనీలో స్టెఫానిట్స్ అనే ఆయన ఈ జాతిని నమోదు చేయడం మొదలుపెట్టినప్పుడు కూడా ఆయన చూసింది పనే, అందం తర్వాతి మాట. ఇప్పుడది నీ కాలి మీద డ్యూటీ చేస్తోంది, అంతే.

కాబట్టి కాలు లాక్కోకు. లాక్కుంటే నువ్వే మంచి బొమ్మవి. చెట్టులా ఆగిపో, జేబులోంచి పొడవాటి గోనెగుడ్డ బొమ్మ తీసి నేల మీద పాములా లాగు, నీ కాలు కదలకూడదు, బొమ్మ కదలాలి. అది పట్టుకున్నాక కాసేపు లాగులాట ఆడించు, అప్పుడప్పుడూ గెలవనివ్వు, తర్వాత బొమ్మని నీ మోకాలికి ఆనించి చలనం లేకుండా పట్టుకుని "వదులు" అను, వదిలిన క్షణంలోనే ఆట మళ్లీ మొదలుపెట్టు. వదిలితే ఆట ఆగదు, ఇంకా ఉంటుంది అని దానికి ఎక్కాలి. ఇంట్లో ఉన్నంతసేపూ మెడపట్టీకి తేలికపాటి తాడు కట్టి ఉంచు, కొసన చేతిపిడి లేకుండా, లేకపోతే కుర్చీ కాళ్లకి తగులుకుంటుంది, నీ కన్ను దాని మీద లేనప్పుడు మాత్రం తీసెయ్. మరీ మీద పడుతుంటే ఆ తాడు పట్టుకుని పక్కకి తీసుకెళ్లు. మెడపట్టీ పట్టుకుని లాగావంటే రేపటినుంచి నీ చెయ్యి చూస్తేనే కొరుకుతుంది.

ఇంకో సంగతి, రాత్రి 10 దాకా పరిగెత్తిస్తే అలిసిపోయి పడుకుంటుందని రాశావు. వద్దురా. ఈ వయసు పిల్లకి రోజుకి 18 గంటల పైనే నిద్ర కావాలి. సాయంత్రమైతే కళ్లు ఎర్రబడి పిచ్చిపట్టినట్టు కొరుకుతుందన్నావే, అది నిద్రకొచ్చిన పసిపిల్లాడి పేచీ, దానికి మందు క్రేట్‌లో, అంటే అది పడుకునే బోనులో, చీకటిగా, చల్లగా ఓ కునుకు. గంట మెలకువ, రెండు గంటలు పడక, వారం రోజులు ఇలా చేసి చూడు, కొరుకుడు చాలావరకు తగ్గుతుంది. పూర్తిగా పోదు, 4 నెలలకి పాలపళ్లు ఊడటం మొదలై 28 పోయి 42 వచ్చేదాకా, అంటే 7 నెలలదాకా నోరు దురద పెడుతూనే ఉంటుంది.

ఇక రెండో వీడియో. ఇది నాకు నచ్చలేదు.

ఎముక నములుతున్న పిల్ల దగ్గరికి నువ్వు వెళ్లగానే అది నమలడం ఆపేసింది. తల ఎముక మీదికి వంచింది, ఒళ్లు కర్రలా బిగుసుకుంది, తల తిప్పకుండా కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూసింది, ఆ తర్వాతే గుర్రుమంది. నువ్వేమో "ఎవరనుకుంటున్నావ్" అని ఎముక లాక్కుని దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి అదిమావు. నిన్ను తిట్టడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే నా మొదటి కుక్కతో నేనూ అచ్చం అదే చేశాను. నాలుగు నెలల పిల్ల గుర్రుమంటే అదిమిపెట్టాను, రెండు మూడు సార్లకి గుర్రు ఆగిపోయింది, దారికొచ్చిందని అందరికీ చెప్పుకుని మురిసిపోయాను కూడా. 14 నెలలప్పుడు దాని గిన్నె జరపబోతే చప్పుడు లేదు, హెచ్చరిక లేదు, నా బొటనవేలి మొదట్లో నాలుగు పళ్లు దిగాయి. దాని భయం అలాగే ఉంది, భయంగా ఉందని చెప్పే గొంతు మాత్రం నేను నొక్కేశాను. ఆ మచ్చ నువ్వు చిన్నప్పుడు అడిగితే కత్తి తెగిందని చెప్పాను, సిగ్గేసి.

తోడేళ్లలో నాయకుడు అలాగే అదిమిపెడతాడని ఎవరో చెప్పారన్నావు. ఆ మాట 1947లో ష్కెంకెల్ అనే ఆయన బోనులో కలిపి పెట్టిన తోడేళ్లని చూసి రాసినదాంట్లోంచి పాకింది. అడవిలో తోడేళ్ల గుంపంటే మామూలుగా తల్లీ తండ్రీ పిల్లలే, రోజూ కుస్తీలుండవని తోడేళ్ల మీద పరిశోధన చేసిన డేవిడ్ మీచ్ 1999లో వివరంగా రాశాడు. అయినా నువ్వు తోడేలువీ కాదు, నిన్ను చూసి అది తోడేలనీ అనుకోదు.

చేయాల్సింది ఇది. ఎముకలు కొన్నాళ్లు బంద్. మామూలు గిన్నెలో మామూలు తిండి పెట్టు, అది తింటుంటే బిగుసుకోని దూరంలో, ఆరడుగులైతే ఆరడుగులు, పదైతే పది, నడుచుకుంటూ వెళ్లి ఉడికించిన చికెన్ ముక్క ఒకటి గిన్నెలోకి విసిరి ఆగకుండా వెళ్లిపో. మాట్లాడకు, వంగకు, నిమరకు. పూటకి మూడు నాలుగు సార్లు చాలు. నువ్వొస్తున్నావంటే తల ఎత్తి తోక ఊపే రోజు వస్తుంది, అప్పుడు ఒక అడుగు దగ్గరికి జరుగు, బిగుసుకుంటే రెండడుగులు వెనక్కి. తొందరపడి గిన్నెలో చెయ్యి పెట్టి "చూడు నేనేమైనా చేయగలను" అనే పరీక్షలు పెట్టకు, నీ అన్నంలో ఎవడైనా రోజూ చెయ్యి పెడితే నువ్వూ గుర్రుమంటావు. ఏదైనా నోట్లోంచి తీయాల్సి వస్తే మంచి ముక్క పక్కకి విసిరి మార్పిడి చెయ్, ప్రమాదం లేని వస్తువైతే తిరిగి ఇచ్చెయ్.

మీ పాప గురించి ఖచ్చితంగా చెబుతున్నాను, పాపకీ కుక్కపిల్లకీ మధ్యలో గేటు ఉండాలి. మీరిద్దరిలో ఒకరు పక్కన లేకుండా పాప, కుక్కపిల్ల ఒకచోట ఒక్క నిమిషం కూడా వద్దు, తినేటప్పుడు అసలే వద్దు. పన్ను దిగితే, గీరుకున్నా సరే, వెంటనే ధారగా పారే నీళ్లకింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆరోజే డాక్టరుకి చూపించండి. మన పిల్లే కదా అని ఊరుకోవద్దు.

గుమ్మం దగ్గర కొత్తవాళ్లని చూసి మొరిగితే "కాపలా మొదలుపెట్టింది" అని మెచ్చుకోకండి. మూడు నెలల పిల్లకి కాపలా ఏంటి, భయం అది. 3 నుంచి 14 వారాల మధ్య చూసినవన్నీ మామూలు విషయాలుగా మనసులో పడతాయి, నీకు మూడు వారాలే మిగిలాయి. టీకాలు పూర్తికాలేదు కాబట్టి కింద దించకుండా ఎత్తుకుని తిప్పు, కారు డిక్కీ తెరిచి ఒళ్లో పెట్టుకుని కూర్చో, జనం, గొడుగులు, సైకిళ్లు దూరంనుంచి చూడనీ. ఎవరూ ముట్టుకోనక్కర్లేదు.

ఈలోపు ఒకసారి వెట్‌కి, అదే పశువుల డాక్టరుకి చూపించు, చెవిలోనో కడుపులోనో నొప్పి ఉంటే ఏ పిల్లైనా చిరాకుపడుతుంది. పిల్లని నీకిచ్చిన బ్రీడర్‌కి ఫోన్ చేసి తోబుట్టువులు ఎలా ఉన్నాయి, తల్లి గిన్నె దగ్గర ఎలా ఉంటుంది అని అడుగు, నీళ్లు నమిలితే అదీ ఒక సమాధానమే. చప్పుడు లేకుండా బిగుసుకుని లోతుగా కొరకడం, కోపం వస్తే నిమిషాల తరబడి దిగకపోవడం, ఇవి కనిపిస్తే మన ఇద్దరి వల్ల కాదు, కుక్కల ప్రవర్తన చూసే డాక్టర్ కావాలి. మొదటిరోజే ముళ్ల పట్టీ, కరెంటు పట్టీ అనే ట్రైనర్ దగ్గర మాత్రం కూర్చోకు, లేచి వచ్చెయ్.

వచ్చే ఆదివారం గిన్నె దగ్గర వీడియో తీసి పంపు. మొహం మీదికి జూమ్ చేయకు, నాకు తోక కనబడాలి.

మావయ్య