చేతి మీద మంత్రం రాయించుకుంటానన్న నానీకి

నానీ,

నీ మెసేజీ మీ అమ్మ నాకు పంపింది. "నువ్వైనా చెప్పక్కా, నా మాట వినట్లేదు" అని రాసి కింద ఒక ఏడుపు బొమ్మ పెట్టింది. మహామృత్యుంజయ మంత్రం మొత్తం మోచేతి నుంచి మణికట్టు దాకా నాలుగు వరసల్లో వేయించుకుంటావటగా. మీ అమ్మ భయాలు వేరు. చర్మం పాడవుతుందనీ, రేపు పెళ్ళి సంబంధాల వాళ్ళు ఏమంటారో అనీ. నాకు ఆ బెంగ లేదు. అసలు పచ్చబొట్టే వద్దని చెప్పే మొహం కూడా లేదు నాకు, నా ఎడమ చెయ్యి నువ్వు చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే కదా.

దాని మీది తులసికోట పచ్చబొట్టు నాకు పదేళ్ళప్పుడు పొడిపించారు. కోతలయ్యాక ఎరుకల ఆమె ఊళ్ళోకి వచ్చేది. సోదె చెప్పేది, బుట్టలమ్మేది, పచ్చబొట్లు పొడిచేది. మూడు సూదులు దారంతో కలిపి కట్టి, దీపం మసిలో ఏదో ఆకు పసరు కలిపి, కొబ్బరి చిప్పలో పెట్టుకుని మా అరుగు మీద కూర్చుంది. నా చెయ్యి తన మోకాలి మీద పెట్టుకుని, నొప్పి తెలియకుండా పాట అందుకుంది. పాట బాగానే ఉంది కానీ నొప్పి తెలియకపోవడం మాత్రం అబద్ధం. సగంలో చెయ్యి లాగేసుకున్నా. అందుకే నా తులసికోట ఇప్పటికీ ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. చేట నిండా బియ్యం, ఒక పాత చీర ఇచ్చింది మా అమ్మ. చెయ్యి మూడు రోజులు వాచింది, పసుపు రాశారు. నేను ఏడుస్తుంటే మా అమ్మమ్మ అంది, "పోయేటప్పుడు మెళ్ళో గొలుసు కూడా తీసేసుకుంటారే, వెంట వచ్చేది ఇదొక్కటే" అని.

కాబట్టి పచ్చబొట్టు మనకి కొత్త కాదు, పాపమూ కాదు. పూజకి పనికిరాదంటూ ఆ చేత్తో ఇచ్చిన కొబ్బరికాయని ఏ పూజారీ తిప్పి పంపలేదు. అటు ఆదిలాబాద్ వైపు గోండులకి తోటి అనే తెగ ఆడవాళ్ళు తరతరాలుగా పొడుస్తున్నారు. ఛత్తీస్‌గఢ్‌లో రామనామీలని ఉన్నారు, ఒళ్ళంతా, కొందరైతే మొహం మీద కూడా, రామ రామ అని పొడిపించుకుంటారు. గుడిలోకి రానివ్వని కులాల వాళ్ళు పందొమ్మిదో శతాబ్దం చివర్లో మొదలుపెట్టారు దాన్ని. గుడి తలుపు వేస్తారు సరే, ఒంటి మీద రాముణ్ణి ఎవడు తీసేస్తాడు అని. మాంసం, మందు ముట్టరు. వాళ్ళకి అది అలంకారం కాదు, ఒక జవాబు. ఇప్పుడు వాళ్ళ పిల్లలే ఉద్యోగాలకి ఊళ్ళు పట్టుకుపోతూ వేయించుకోవడం తగ్గించేశారు.

నీ చేతి మీది మంత్రంతో ఎవరికి జవాబు చెప్పాలనుకుంటున్నావో అది నువ్వు ఆలోచించుకో. నేను అడగను.

నా భుజాల మీద ఇంకో రెండు గుర్తులున్నాయి, అవి నువ్వు చూసి ఉండవు. పెళ్ళయిన రెండో ఏడు మా అత్తగారు నాకు సమాశ్రయణం, అంటే వైష్ణవ దీక్ష, చేయించారు. హోమంలో కాల్చిన చక్రం కుడి భుజం మీద, శంఖం ఎడమ భుజం మీద వేశారు స్వామివారు. చుర్రుమని ఒక్క క్షణం, అంతే. ఇప్పుడు వెతికితే గానీ కనపడవు. మధ్వాచార్యుల మతం వాళ్ళు, మాధ్వులు కూడా తొలి ఏకాదశి నాడు వేయించుకుంటారు. స్మార్తుల ఇళ్ళల్లో ఒప్పుకోరు, ఆ వాదం పాతది, మనకెందుకు. నేను చెప్పొచ్చేది, ఆ కాల్చడం అయిదు సంస్కారాల్లో మొదటిది మాత్రమే. తర్వాత నామాలు పెట్టారు, దేవుడి దాసినని దాస్యనామం ఇచ్చారు, చెవిలో మంత్రం చెప్పారు, ఆరాధన ఎలా చెయ్యాలో చెప్పారు. కాల్చడం ఒక్క క్షణంలో అయిపోయింది. నామం మాత్రం రోజూ పొద్దున్నే పెట్టుకోవాలి, సాయంత్రానికి చెమటకి పోతుంది, మళ్ళీ పెట్టుకోవాలి. విభూతి అయినా, కుంకుమ అయినా అంతే కదా. పెట్టుకున్నది పోతుంది కాబట్టే మర్నాడు మళ్ళీ అద్దం ముందు నిలబడతాం. నువ్వు గత ఏడాది అయ్యప్ప మాల వేశావు. ఆ 41 రోజులు నేల మీద పడుకుని, చన్నీళ్ళు పోసుకుని, ఎవర్నీ ఒక్క మాట తూలకుండా ఎంత బుద్ధిగా ఉన్నావు! తీసే రోజు ఒకటుంది గనకే అలా ఉండగలిగావు. సూదితో వేసుకున్న మాలకి తీసే రోజు ఉండదు మరి.

జంధ్యం ఉన్నవాళ్ళు బయటికి వెళ్ళేటప్పుడు చెవికి చుట్టుకుంటారు చూడు. ఈ మంత్రాన్ని ఏ చెవికి చుట్టుకుంటావు? ఎడమ చేతి మీద వేయిస్తే అది కడుక్కునే చెయ్యి. కుడి చేతి మీద వేయిస్తే మీ ఆఫీసు పార్టీల్లో చికెన్ ముక్క పట్టుకునే చెయ్యి. తినొద్దని నేననను, నువ్వే ఒక రోజు ఆ చేతిని చూసుకుని ఇబ్బంది పడతావు.

మంత్రం విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతున్నా, వద్దు. దేవుడి రూపమో పేరో అయితే నాకు అభ్యంతరం లేదు. మంత్రం నోటిది, చెవిది. దానికి స్వరం ఉంటుంది, పైకి కిందికి వెళ్తుంది, చర్మం మీది అక్షరానికి అది రాదు. "రామానుజులు గోపురమెక్కి రహస్య మంత్రాన్ని అందరికీ చెప్పారు కదా" అంటావేమో, నీకు ఆ తెలివి ఉంది. ఆయన అందరికీ వినిపించాడురా, ఎవరి చేతి మీదా రాయలేదు.

ఇంకో సంగతి. నువ్వు పంపిన డిజైన్ మీ అమ్మ నాకు చూపించింది. ముప్ఫై ఏళ్ళు బళ్ళో కాపీలు దిద్దిన కళ్ళు నావి. చివర్లో ఏముందో చూశావా? "మృత్యోర్ముక్షీయ మా మృతాత్" అని "మా" పక్కన జాగా వదిలి విడగొట్టాడు. అది "మా అమృతాత్". దోసపండు తొడిమ నుంచి విడిపోయినట్టు మృత్యువు నుంచి విడిపోవాలి, అమృతం నుంచి కాదు అని అర్థం. మా అంటే కాదు, వద్దు. ఆ జాగాతో చదివితే అమృతం పోయి మృతం మిగిలింది! దీర్ఘాయువు కోసం వేయించుకునే మంత్రం అర్థం నీ చేతి మీద తిరగబడి కూర్చుంటుంది. మన బంధువుల్లో ఒక పిల్లవాడి చేతి మీద "ఓం నమశివాయ" అనే ఉంది, విసర్గ లేదు. ఇప్పుడు ఎవరు ఫోటో తీసినా చెయ్యి వెనక్కి పెట్టుకుంటాడు.

పైగా చర్మం కాగితం కాదు. ఏళ్ళు గడిచేకొద్దీ సిరా లోపల పాకుతుంది. నా తులసికోట ఆకులన్నీ కలిసిపోయి నీలం మచ్చ అయింది. మొన్న నా మనవరాలు దాన్ని చూసి "నానమ్మా, గ్యాస్ బండా?" అంది. మన తెలుగు అక్షరాలు గుండ్రంగా, లోపల సన్నటి జాగాలతో ఉంటాయి. చిన్న అక్షరాల్లో ఒత్తులూ సున్నలూ నువ్వు నా వయసుకి వచ్చేసరికి పూడుకుపోతాయి. బ ఏదో భ ఏదో నీ మనవడు చెప్పలేడు.

ఇక ఎక్కడ, ఎలా అన్నది. నడుము కింద అసలు వద్దు. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే వాళ్ళం. 2015లో బెంగుళూరులో ఒక ఆస్ట్రేలియా కుర్రాడి మోకాలి కింద ఎల్లమ్మ బొమ్మ ఉందని జనం చుట్టుముట్టి, పోలీస్ స్టేషన్‌లో క్షమాపణ రాయించే దాకా వెళ్ళింది. అలా మీద పడటం తప్పే. ఆ పిల్లవాడు భక్తితోనే వేయించుకున్నాడట పాపం. కానీ అమ్మవారు అక్కడ ఉండకూడదన్నది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

నువ్వు కేంద్ర బలగాల పరీక్ష రాస్తున్నావు, అది మర్చిపోయావా? ఆ నోటిఫికేషన్ చివర పేజీలు చదువు. మతపరమైన గుర్తులు, పేర్లు ఒప్పుకుంటారు కానీ ఎడమ ముంజేతి లోపలి వైపు గానీ, అరచేతి వెనక గానీ ఉండాలి. కుడి చెయ్యి సెల్యూట్ చేసే చెయ్యి కాబట్టి కుదరదు. అదీ ఆ భాగంలో పావు వంతు లోపే. నీ నాలుగు వరసలు మెడికల్‌లోనే ఆగిపోతాయి. తర్వాత లేజర్‌తో తీయించుకోవచ్చులే అనుకోకు, వారాల ఎడంతో చాలాసార్లు కూర్చోవాలి. నల్లదైతే కాస్త లొంగుతుంది, రంగులైతే మొండికేస్తాయి.

వేయించుకునే రోజున సూది ప్యాకెట్ నీ కళ్ళ ముందు విప్పాలి, సిరా కొత్త గిన్నెలో పొయ్యాలి. మా రోజుల్లో ఊరంతటికీ అవే మూడు సూదులు, మేమెలా బతికామో! ఆ తర్వాత ఏడాది దాకా నీ రక్తం తీసుకోరు, ప్రతి పుట్టినరోజుకీ ఇచ్చేవాడివి కాబట్టి చెబుతున్నా. కార్తీకంలో మాత్రం పెట్టుకోకు. పుండు మానేదాకా నదీస్నానం, చెరువు స్నానం పనికిరాదు.

నాకు తోచిన ఉపాయం ఒకటి చెబుతా. రేపటి నుంచి 41 రోజులు, స్నానం చేశాక, చేతి లోపలి వైపు పెన్నుతో "శివ" అని రెండక్షరాలు నువ్వే రాసుకో. రాసేటప్పుడు ఆ మంత్రం పదకొండు సార్లు నోటితో చెప్పు. నీకు స్వరం రాకపోతే ఫోన్ చెయ్యి, నాకు వచ్చినంతలో చెబుతా. రాయడం మర్చిపోయిన రోజులు ఎన్నో లెక్క పెట్టుకో, నాకు చెప్పక్కర్లేదు. అప్పటికీ కావాలనిపిస్తే ఆ రెండక్షరాలే వేయించుకో, ఎడమ చేతికి, కాస్త పెద్దగా, ఎడంగా. కడుక్కునే చెయ్యి అన్నాను కదా, మణికట్టుకి నాలుగు వేళ్ళ పైన పెట్టించు, నీళ్ళు అక్కడి దాకా రావు. డబ్బులు నేనే ఇస్తా. మీ అమ్మకి నేను చెప్పుకుంటాను.

వేసే ముందు వాళ్ళు చర్మం మీద కాగితం అంటించి అచ్చు వేస్తారట. అది ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు. కళ్ళజోడు పెట్టుకుని చూసి సరే అన్నాకే సూది ఎత్తమను.

మీ పెద్దమ్మ