సెటిల్‌మెంట్ డబ్బు చేతికొచ్చాక మళ్లీ కలిసి ఉండాలనుకుంటే

ప్రశ్న: పరస్పర అంగీకారంతో విడాకులకు నాలుగు నెలల క్రితం ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ వేశాం. ఒప్పందంలో సగం, రూ.8 లక్షలు, మావారు నా ఖాతాలో వేశారు. ఇప్పుడు పాప కోసం కలిసి ఉందామంటున్నారు. నాకూ ఇష్టమే. కేసు ఏమవుతుంది? ఆ డబ్బు హోమ్ లోన్‌కి కట్టెయ్యమంటున్నారు. ఇల్లు ఆయన పేరు మీదే ఉంది. - ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీకు ఇష్టమైతే నిరభ్యంతరంగా వెళ్లండి. డిక్రీ, అంటే కోర్టు విడాకుల ఉత్తర్వు, రాలేదు కాబట్టి మీరిప్పటికీ భార్యాభర్తలే. హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి ప్రకారం, ఇద్దరూ రెండోసారి కోర్టుకెళ్లి అడిగితేనే విడాకులు. అందుకు పిటిషన్ వేసిన రోజు నుంచి 18 నెలల గడువుంది. ఆలోచించుకోవడానికి టైముంది, కంగారు పడకండి.

మళ్లీ పొసగకపోతే మాత్రం లెక్క మొదటికొస్తుంది. పరస్పర అంగీకారంతో కొత్తగా వేయాలంటే మళ్లీ ఏడాది విడిగా ఉండాలి. వదిలేసి వెళ్లారన్న కారణం చూపాలంటే ఎడతెగకుండా రెండేళ్లు. క్రూరత్వం విషయంలో, కలిసి కాపురం చేస్తే పాతది క్షమించినట్టే కోర్టు భావించవచ్చు. అయితే అదే ప్రవర్తన మళ్లీ మొదలైతే పాత ఫిర్యాదుకూ ప్రాణం వస్తుందని సుప్రీంకోర్టు 1975లో దాస్తానే కేసులో చెప్పింది.

నా టెన్షన్ అంతా ఆ 8 లక్షల గురించే. అది విడాకుల ఒప్పందం కింద వచ్చిన డబ్బు. విడాకులే వద్దనుకున్నాక, రేపు మాటామాటా పెరిగితే, తిరిగిమ్మని ఆయన అడగొచ్చు. అప్పటికి అది లోన్‌లో కలిసిపోయి ఉంటే మీ చేతిలో డబ్బూ ఉండదు, ఇంట్లో వాటా కాగితమూ ఉండదు. ఆయన పేరున ఉన్న లోన్ మీరు తీర్చినంత మాత్రాన ఇల్లు మీదైపోదు. దయచేసి కట్టకండి.

మీ ఒక్కరి పేరు మీదే ఎఫ్‌డీ వేయండి, అదీ రెండు బ్యాంకుల్లో. బ్యాంకు మునిగితే డబ్బు తిరిగొచ్చేలా ఉండే డిపాజిట్ బీమా, ఒక్కో బ్యాంకులో వడ్డీతో కలిపి రూ.5 లక్షల వరకే ఉంటుంది. కలిసి ఉన్నా లేకపోయినా ఈ డబ్బు మీదేనని ఆయన చేత రాయించి, ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఆ కాగితం మీ లాయరు చేతే రాయించండి. సెటిల్‌మెంట్ కాపీ జాగ్రత్త. విడిగా ఉండే ఒప్పందం కింద వచ్చిన సొమ్ము కాబట్టి దానిపై వడ్డీకి పన్ను మీ లెక్కలోనే పడుతుంది. ఇకపై కలిసి ఉంటూ ఆయన మీకిచ్చే డబ్బు మీద వచ్చే ఆదాయం మాత్రం ఆయన ఆదాయంలోనే కలుస్తుంది.

లోన్ తగ్గించాలని ఆయనకు నిజంగా ఉంటే, బ్యాంకు అనుమతితో ఇంట్లో మీకు వాటా రిజిస్టర్ చేయమనండి. అది పూర్తయ్యాక మళ్లీ రాయండి, ఎంత కట్టొచ్చో లెక్క వేద్దాం.