తేదీ చెప్పలేనప్పుడు ఏం చెప్పాలి?

“రేపేమిటో నాకే తెలియనప్పుడు నా కింద ఉన్న పన్నెండు మందికి ఏం చెప్పి నడిపించాలి?” అని కంప్యూటర్ల పనిలో ఉన్న మీరు ఉత్తరంలో అడిగారు. ప్రాజెక్టు ఉంటుందో పోతుందో తెలియట్లేదనీ, పైవాళ్ళు వారానికో మాట చెబుతున్నారనీ, పొద్దున్నే మీ కింద పనిచేసే పిల్లలంతా మీ ముఖం వంక చూస్తున్నారనీ రాశారు. నేను కంప్యూటర్ల మనిషిని కాను. కరెంటు డిపార్టుమెంటులో పనిచేసి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. కానీ మీరు రాసిన ఆ చూపు నాకు బాగా తెలుసు. 2018 అక్టోబరులో పద్నాలుగు మంది నన్ను అలాగే చూశారు.

తిత్లీ తుపాను ఆ నెల 11న తెల్లవారకముందే పలాస దగ్గర తీరం దాటింది. నవరాత్రులు మొదలైన మర్నాడు. మాది గోదావరి వైపు. గ్యాంగుతో శ్రీకాకుళం వెళ్ళమని ఆర్డరు వచ్చింది. నలుగురు లైన్‌మెన్, ఇద్దరు జూనియర్లు, ఎనిమిది మంది కాంట్రాక్టు కుర్రాళ్ళు, ఒక లారీ. బయల్దేరేటప్పుడు ఒకడు “ఎన్నాళ్ళు సార్, దసరాకి వచ్చేస్తామా?” అన్నాడు. “మూడ్రోజులు, ఎక్కువైతే నాలుగు” అన్నాను. ఎవరూ నాకా మాట చెప్పలేదు. వాడి ముఖం చూసి నా నోటికి వచ్చింది చెప్పేశాను. నేను చేసిన పెద్ద తప్పు అదే. దాన్ని దిద్దుకోవడానికి వారం పట్టింది.

హుద్‌హుద్ అప్పుడు, 2014లో, విశాఖపట్నంలో చేశాను కాబట్టి తుపాను పని తెలుసనుకున్నాను. అది సిటీ. రోడ్డు క్లియరైతే క్రేన్ వస్తుంది, స్తంభం లేస్తుంది. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం వేరు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి వైపు లైన్లు కొబ్బరితోటల్లోంచి, జీడితోటల్లోంచి వెళతాయి. చెట్టు పడితే కరెంటు తీగతో పాటు రెండు మూడు స్తంభాలు పడిపోతాయి. మేం వెళ్ళేసరికి తోటలకు తోటలే నేలమట్టమై ఉన్నాయి. క్రేన్ లోపలికి రాదు. సెల్ టవర్లు పనిచేయట్లేదు. ఇంటి దగ్గర మా వాళ్ళు ఎలా ఉన్నారో మాకు తెలియదు, మేం ఎక్కడున్నామో వాళ్ళకు తెలియదు.

నాలుగో రోజు సాయంత్రానికి మా చేతిలో ఉన్న ఫీడర్‌లో, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ళకు వెళ్ళే మెయిన్ లైన్‌లో, సగం కూడా లేవలేదు. ఆ రాత్రి బడి వరండాలో ఎవరూ నాతో మాట్లాడలేదు. కోపం కంటే అది కష్టంగా అనిపించింది. మూడ్రోజులన్న మాట అబద్ధమని తేలిపోయాక, మర్నాడు నేను ఏం చెప్పినా నమ్మడానికి వాళ్ళకు కారణం లేదు. మీరు కూడా “ప్రాజెక్టుకేం కాదు, నేనున్నాను” అని ఇప్పటికే అనేసి ఉంటే, రేపే వెనక్కి తీసుకోండి. నేను తీసుకున్నాను. “ఎన్నాళ్ళో నాకు తెలియదురా. ఆ రోజు ఊరికే చెప్పాను, తప్పయింది” అన్నాను. పెద్ద లైన్‌మన్ ఒకాయన, నా కంటే వయసులో పెద్ద, “అది మాకూ తెలుసులే, పొద్దున ఏం పనో చెప్పు” అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. వాళ్ళు తేదీ కోసం అడిగారే గానీ వాళ్ళకు కావలసింది తేదీ కాదు.

ఆ రాత్రి అట్టపెట్టె చింపి దాని మీద మా ఫీడర్ గీశాను. ఎక్కడిదాకా లేచింది, ఎక్కడ ఆగింది, స్తంభాలు ఎన్ని వచ్చాయి, ఎన్ని రాలేదు. రానివాటి గురించి “తెలియదు” అని అట్ట మీదే రాశాను. తర్వాత రేపటి పని, ఎవరు ఎక్కడ, దేనికి. అప్పటినుంచి రోజూ రాత్రి అన్నం తిన్నాక అదే పద్ధతి. పది నిమిషాలు పట్టేది.

“దేనికి” అన్న మాట దగ్గర కాస్త ఆగాలి, మీరు అడిగింది అదే కాబట్టి. లైన్లు లేపేటప్పుడు ఒక వరస ఉంటుంది. ముందు ఆసుపత్రులు, మంచినీళ్ళ పథకాలు, సెల్ టవర్లు. ఇళ్ళు ఆ తర్వాత. ఈ వరస పైనుంచి వచ్చిందే, కుర్రాళ్ళకూ చెప్పాను, విని ఊరుకున్నారు. అసలు సంగతి వాళ్ళకు నా వల్ల తెలియలేదు. మా కాంట్రాక్టు కుర్రాడొకడు మంచినీళ్ళు అడగడానికి ఒక ఇంటికి వెళ్ళాడు. ఉద్దానంలో చాలామందికి కిడ్నీ జబ్బు, ఆ సంగతి మీరు వినే ఉంటారు. ఆ ఇంటి పెద్దావిడ కొడుక్కి వారానికి రెండుసార్లు డయాలసిస్. డయాలసిస్ చేసే చోట జనరేటర్ మీద నడిపిస్తున్నారట. డీజిల్ ఉంటుందో లేదో, నీళ్ళు వస్తాయో రావో అని ఆవిడ భయం. ఒక్కసారి డయాలసిస్‌కే శుద్ధి చేసిన నీళ్ళు నూటఇరవై లీటర్ల దాకా కావాలి, కరెంటు ఒక్కటే ఉంటే సరిపోదు. “ఎప్పుడొస్తాది బాబూ?” అని అడిగిందట. వాడికి జవాబు తెలియక, తాగకుండానే చెంబు అక్కడ పెట్టి వచ్చేశాడు.

ఆ రాత్రి అట్ట దగ్గర ఆ మాట వాడే చెప్పాడు. నేనేమీ కలపలేదు. మర్నాడు ఐదింటికల్లా అందరూ లారీ దగ్గరున్నారు. ఎందుకోసం చేస్తున్నామన్నది పెద్దవాళ్ళే పైనుంచి చెప్పాలని నేను అంతవరకూ అనుకునేవాణ్ణి. అది చాలాసార్లు కింది మనిషి దగ్గరే ఉంటుంది, వాడికి చెప్పే చోటు మనం ఇవ్వాలి. మీ పన్నెండు మందిలో ఎవరైనా మీ పని వాడుకునే మనిషితో నేరుగా మాట్లాడారా? మాట్లాడి ఉంటే మీరు పక్కకు జరిగి వాళ్ళను చెప్పనివ్వండి.

ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. గుండె నిండా ఉద్దేశం ఉన్నవాడికి తొందర పుడుతుంది. ఆ కుర్రాడే ఆరో రోజు, లైన్‌కి ఎర్త్ వేయకుండానే, అంటే లైన్‌ని నేలకు కలపకుండానే, స్తంభం ఎక్కబోయాడు. “సబ్‌స్టేషన్‌లో ఎల్.సి. ఇచ్చారుగా సార్, లైన్ చచ్చిపోయి ఉంది, టైం వేస్టు” అన్నాడు. ఎల్.సి. అంటే లైన్ క్లియర్, సప్లై ఆపేశాం పని చేసుకోవచ్చన్న అనుమతి. తుపాను ఊళ్ళలో ఆ నమ్మకమే యముడు. ఎవరో ఇంట్లో జనరేటర్ పెట్టి, స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీస్ వైరు తీయకుండా ఆన్ చేస్తారు. ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌కి 433 వోల్టుల వైపునుంచి ఎక్కి, అటువైపు 11 వేల వోల్టులై లైన్ మీదికి వస్తుంది. సబ్‌స్టేషన్‌లో స్విచ్ తీసి ఉన్నా మనిషి మాడిపోతాడు. పని మొత్తం ఆపించేశాను. ఊరివాళ్ళు చుట్టూ నిలబడి తిడుతుండగానే గంటసేపు ఆపాను. రెండు వైపులా ఎర్త్ రాడ్లు వేయించి, నా చేత్తో చూసుకున్నాకే ఎక్కించాను. “ఆ పెద్దావిడ కొడుకు బతకాలి, మీ అమ్మ కొడుకూ బతకాలి” అన్నాను వాడితో. మీ పనిలో ప్రాణం పోకపోవచ్చు. కానీ రాత్రుళ్ళు నిద్ర మానేసి, జబ్బు పడి, ఇల్లు మరచి పనిచేసేవాళ్ళు ఉంటారు. వాళ్ళను ఆపాల్సింది మీరే. ఆపకపోతే, వాళ్ళలోని మంచిని మీరు వాడుకున్నట్టే అవుతుంది.

ఇంకో సంగతి. ఒక ఊళ్ళో మా లారీకి అడ్డం కూర్చున్నారు, మా ఊరికి ముందు వేస్తేనే కదలనిస్తామని. నేను కూడా కింద కూర్చుని ఆ అట్ట చూపించాను. ముందు నీళ్ళ పథకం ఎందుకో, అది లేస్తే ఎన్ని ఊళ్ళకు నీళ్ళొస్తాయో చెప్పాను. మీ ఊరు ఏ రోజో చెప్పలేనన్నాను. “గుంతలు తవ్వితే, దారిలో చెట్లు నరికితే మాత్రం ముందవుతుంది” అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత గొడ్డళ్ళు, గునపాలు వచ్చాయి. ఎనిమిది మీటర్ల సిమెంటు స్తంభాన్ని క్రేన్ లేకుండా తోటలోకి మోయాలంటే మా పద్నాలుగు మంది వల్ల అయ్యేది కాదు. వాళ్ళు భుజం పట్టారు. “ఐలేసా” అంటూ తాళ్ళతో లేపారు.

చిన్న చిన్న వాటిని తేలిగ్గా తీసుకోకండి. మూడు కిలోమీటర్ల అవతల టవర్ ఒకటి పనిచేస్తోందని తెలిసినప్పుడు, పని మధ్యలో ఇద్దరిద్దర్ని పంపి ఇంటికి ఫోన్ చేయించాను. ఇద్దరు తగ్గితే పని ఆలస్యమవుతుందని తెలుసు. ఫోన్ చేసొచ్చినవాళ్ళు చేసిన పని చూశాక ఆ ఆలస్యం లెక్కలోకి రాలేదు. కాంట్రాక్టు కుర్రాళ్ళకు రోజుకూలీ రాసే పుస్తకం నా సంచిలోనే పెట్టుకుని రోజూ వాళ్ళ ముందే రాసేవాణ్ణి. చేసిన రోజులు ఎక్కడికీ పోవని వాళ్ళకు కంటికి కనబడాలి.

మహర్నవమి నాడు ఇంకా అక్కడే ఉన్నాం. కటింగ్ ప్లయర్లు, బెల్టులు, తాళ్ళు, ఎర్త్ రాడ్లు లారీ బానెట్ మీద పరిచి ఆయుధపూజ చేసుకున్నాం. కొబ్బరికాయ తెచ్చిచ్చింది ఎవరో తెలుసా, తోట మొత్తం పడిపోయిన ఒక రైతు. చెట్లు మళ్ళీ వేసి కాపు చూడాలంటే ఎన్నో ఏళ్ళు. కాయ చేతికిచ్చి, ఏమీ మాట్లాడకుండా పక్కన నిలబడ్డాడు. మా కుర్రాళ్ళు దసరా గురించి ఆ తర్వాత ఒక్కసారి కూడా అడగలేదు.

నీళ్ళ పథకానికి లైన్ ఛార్జ్ చేశాం, అంటే కరెంటు ఇచ్చేశాం. మా అట్ట మీద ఇంకా కొన్ని పేటలు మిగిలి ఉండగానే మమ్మల్ని వెనక్కి రమ్మన్నారు, వేరే గ్యాంగు వస్తుందని. అక్కడ గుంతలు తవ్వి పెట్టుకున్న జనం ఉన్నారు. మా వాళ్ళకు కదలాలని లేదు, నాకూ లేదు. మీకు కూడా ఇలాగే జరగొచ్చు, పని మధ్యలో చేతులు మారొచ్చు. మేం ఆ రాత్రి చేసింది చెబుతాను. ఏ స్తంభం దాకా అయ్యిందో సుద్దముక్కతో స్తంభాల మీద రాశాం. ఎక్కడ స్తంభాన్ని పట్టి ఉంచే స్టే వైరు వదులుగా ఉందో, ఏ ఇంట్లో జనరేటర్ ఉందో, ఏ ఊళ్ళో గుంతలు తవ్వి ఉన్నాయో ఆ అట్ట మీదే రాసి, కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరుకి ఇచ్చాను. ఆ పెద్దావిడ ఇల్లు ఎక్కడో మా కుర్రాడు వాళ్ళ కుర్రాడికి దగ్గరుండి చూపించాడు. ఆ తర్వాతే లారీ ఎక్కాడు.