చిత్తూరు, తిరుపతిల మధ్య ఉన్న పాకాల ఊరు రైల్వే వల్లే పెరిగిందా?

చాలావరకు అవును. 1890ల మొదట్లో సౌత్ ఇండియన్ రైల్వే ఇక్కడ మీటర్ గేజ్ (మీటరు వెడల్పు) పట్టాలు వేసింది. చిత్తూరు మీదుగా కాట్పాడికి ఒకటి, తిరుపతి వైపు ఒకటి, పీలేరు, కదిరి మీదుగా ధర్మవరానికి ఒకటి. మూడు దారులు కలిసేచోటే పాకాల జంక్షన్.

ఆవిరి ఇంజన్ల కాలంలో జంక్షన్ అంటే బండి ఆగే చోటు మాత్రమే కాదు. ఇంజన్‌కు నీళ్లు పట్టాలి, బొగ్గు ఎక్కించాలి, బూడిద లాగాలి, బాయిలర్ కడగాలి. ఇవన్నీ మనుషులు చేసే పనులే. అందుకే స్టేషన్ పక్కన క్వార్టర్స్ వెలిశాయి. సౌత్ ఇండియన్ రైల్వే అసలు బలం తమిళదేశంలోనే కాబట్టి ఇలాంటి కాలనీల్లో తెలుగు, తమిళం కలిసే వినిపించేవి.

ఆ బతుకు ఎలా ఉండేదో తెలియాలంటే డ్రైవర్లను డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ గురించి వినాలి. పేరుకే బాయ్, నెరిసిన జుట్టువాళ్లూ ఉండేవారు! అర్ధరాత్రి లాంతరు పట్టుకుని డ్రైవర్ ఇంటి తలుపు తట్టి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని వెళ్లేవాడు. ఆ చప్పుడుకి పక్కింటివాళ్లూ లేచేవారు. ఇంట్లో ఆవిడ క్యారియర్ సర్దేలోపు డ్రైవర్ లైన్ బాక్స్ (డ్యూటీ సామాను పెట్టె) బండికి చేరేది.

డీజిల్ వచ్చాక ఆ పనులు పోయాయి. ధర్మవరం లైను 2010లో బ్రాడ్ గేజ్ (వెడల్పు పట్టాలు) అయింది. జంక్షన్ మాత్రం అలాగే ఉంది.